లిమిటెడ్ కంపెనీయే కదా, మునిగినా ఇంటికేం కాదు కదా?

ప్రశ్న: నమస్తే అండి. నేనూ నా ఫ్రెండూ కలిసి ఎనిమిది నెలల క్రితం ఒక చిన్న లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేసాం, ఆఫీసులకి డెస్కులు, అల్మారాలు చేసి ఫిట్ చేసిస్తాం. వాటాలు చెరి సగం, ఇద్దరు పనివాళ్ళు. ఇప్పుడు మేం ఇంతవరకు చేసినవాటికన్నా నాలుగింతలు పెద్ద ఆర్డర్ వచ్చింది. సరుకు కొనడానికి లోన్ అడిగితే బ్యాంకు వాళ్ళు ఇద్దరి పర్సనల్ గ్యారంటీ కావాలంటున్నారు. ఇంకోటి, పోయిన నెల ఫ్రెండ్ వాళ్ళింట్లో అవసరం వచ్చిందని కంపెనీ అకౌంట్లోంచి డబ్బు తీసుకున్నాడు, మళ్ళీ వేసేస్తా అన్నాడు, నేనేమీ అనలేకపోయా. మా ఆవిడకి భయంగా ఉంది. లిమిటెడ్ కంపెనీ కదా, మునిగినా మన ఇంటికేం కాదులే అని సర్దిచెప్పా. నేను చెప్పింది కరెక్టేనా? ఆర్డర్ తీసుకోమంటారా?

జవాబు:

సగం కరెక్ట్ అండి, ఆ మిగతా సగం గురించే మీతో కాస్త ఎక్కువ మాట్లాడాలి. మీ ఆవిడ భయం ఉత్తుత్తి భయం కాదు, ఇప్పుడు మీరున్న చోటే చిన్న కంపెనీలు చాలా దెబ్బ తింటాయి, నేనూ అక్కడే తిన్నా. ఆర్డర్ సంగతి తర్వాత చెప్తా, ముందు ఆ "ఇంటికేం కాదు" అనే మాట చూద్దాం.

కంపెనీ రిజిస్టర్ చేసిన రోజున చట్టం దృష్టిలో ఒక కొత్త మనిషి పుట్టాడు అనుకోండి. మీరు కాదు, మీ ఫ్రెండూ కాదు, మూడో మనిషి. డెస్కులు అమ్మేది వాడు, చెక్క అప్పు తెచ్చుకునేది వాడు, పనివాళ్ళకి జీతం ఇచ్చేది వాడు. మీరిద్దరూ వాడిలో పెట్టిన వాటా డబ్బు వరకే మీకు నష్టం, అంతకుమించి వాడి అప్పులకి మీ ఇంటి తలుపు తట్టే హక్కు అప్పులోళ్ళకి లేదు. లిమిటెడ్ అంటే ఇంతే. పేర్లు, ఫారాలు దేశాన్ని బట్టి మారతాయి, జర్మనీలో చిన్న కంపెనీల కోసమే ప్రత్యేకంగా 1892లో చట్టం తెచ్చారు, అమెరికాలో ఎల్‌ఎల్‌సీ అనే ఇలాంటి కంపెనీ రకం మొదట వయోమింగ్ రాష్ట్రంలో 1977లో వచ్చింది, కానీ అన్నిటి లోపల ఉన్న ఆలోచన మాత్రం ఈ మూడో మనిషే.

దీన్ని గట్టిగా నిలబెట్టిన కేసు ఒకటుంది, ఇప్పటికీ దాన్నే చెప్తారు. లండన్‌లో ఆరన్ సాలమన్ అని బూట్లు తయారుచేసే వ్యాపారి ఉండేవాడు. తన వ్యాపారాన్ని తనే పెట్టిన కంపెనీకి అమ్మాడు. మొత్తం 20,007 షేర్లలో 20,001 ఆయనవే, మిగతా ఆరూ భార్యవీ పిల్లలవీ, తలా ఒకటి. కొంతకాలానికి కంపెనీ మునిగింది. అప్పులోళ్ళ తరఫున "ఇదేం కంపెనీ, ఇది సాలమనే కదా, ఆయనే కట్టాలి" అని వాదించారు, కింది కోర్టులు రెండూ అలాగే అన్నాయి. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికన్నా పై కోర్టు, మాత్రం కాదంది, పద్ధతి ప్రకారం రిజిస్టరైన కంపెనీ వేరు, సాలమన్ వేరు, వాటాలు దాదాపు అన్నీ ఒక్కడివే అయినా సరే అని తేల్చింది. అంటే మీ ఆవిడకి మీరు చెప్పిన మాటకి నూటపాతికేళ్ళకి పైబడిన బలం ఉంది.

అయితే కంపెనీకీ మీకూ మధ్య ఉన్న ఈ గోడ మీకు కూడా అడ్డు వస్తుందండి, ఇది చాలామందికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. ఐర్లాండ్‌లో మకౌరా అని ఒక ఎస్టేట్ యజమాని తన కలపంతా తన కంపెనీకి అమ్మాడు. వాటాలన్నీ ఆయన చేతిలోనే, కంపెనీకి అప్పిచ్చిందీ దాదాపు ఆయన ఒక్కడే. కలపకి ఇన్సూరెన్స్ మాత్రం తన సొంత పేరు మీద చేయించాడు. కలప తగలబడింది. ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు ఇవ్వం అన్నారు, కేసు 1925లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది, అక్కడా ఆయనే ఓడాడు. కలప కంపెనీది, మీది కాదు, మీది కానిదానికి మీరు చేయించిన ఇన్సూరెన్స్ చెల్లదు అన్నారు. ఒక్క పైసా రాలేదు. మీ వర్క్‌షాపులో చెక్క, మెషీన్లు ఉన్నాయి కదా, వాటి పాలసీ ఎవరి పేరు మీదుందో ఈరోజే తీసి చూడండి, చాలామందికి సొంత పేరు మీదో, పాత వ్యాపారం పేరు మీదో ఉండిపోతుంది.

ఇప్పుడు మీ ఫ్రెండ్ తీసుకున్న డబ్బు దగ్గరికొద్దాం. మీరు ఏమీ అనలేకపోయా అన్నారు చూడండి, ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయా, ఎందుకంటే అది స్నేహం మీద మొహమాటం, నాకు తెలుసు. కానీ ఆయన తీసుకుంది మీ డబ్బు కాదు, ఆయన డబ్బూ కాదు, ఆ మూడో మనిషి డబ్బు. చెక్క కొట్టువాడికి ఇవ్వాల్సిందీ, పనివాళ్ళ జీతమూ, కట్టాల్సిన పన్నూ అన్నీ అందులోనే కలిసున్నాయి. రేపు కంపెనీకి ఏదైనా ఐతే, లెక్కలు తిరగేసేవాళ్ళు మొదట చూసేది బ్యాంకు స్టేట్‌మెంటే. అందులో ఒక లైన్లో ప్లైవుడ్ బిల్లు, కింది లైన్లో స్కూలు ఫీజు, ఇంకో లైన్లో ఇంటి కరెంటు, వాటికి ఓచరు లేదు, తీర్మానం లేదు, జీతమనో అప్పనో ఒక్క ముక్క రాసిలేదు అనుకోండి, "వీళ్ళే కంపెనీని తమనుంచి వేరుగా చూడలేదు, మేమెందుకు చూడాలి" అనే వాదనకి మీరే సాక్ష్యం చేతికిచ్చినట్టు. కోర్టులు ఆ గోడని ఊరికే పక్కకి నెట్టవు, అరుదుగానే జరుగుతుంది, కానీ జరిగిన కేసుల్లో డబ్బు కలిపేసుకోవడం అనేది మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

కాబట్టి ఆయన్ని నిందించకుండా, ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాయండి. ఎంత తీసుకున్నారు, ఏ తారీఖున, ఏ తారీఖుకి తిరిగి వేస్తారు, ఇద్దరి సంతకాలు. వీలైతే ఈ నెలలోనే వెనక్కి వేయించండి. డైరెక్టర్లకి కంపెనీ అప్పివ్వడం మీద చాలా దేశాల్లో రూల్స్ ఉంటాయి, కొన్నిచోట్ల పన్ను కూడా పడుతుంది, అందుకే ఆడిటర్‌కి దాచకుండా చెప్పండి, వాళ్ళకి ఏడాది చివర్లో తెలిస్తే సర్దడం కష్టం, ఇప్పుడే చెప్తే చిన్న పని.

అసలు ఆయనకి ఇంటి ఖర్చుకి కంపెనీ అకౌంటు ఎందుకు గుర్తొచ్చిందంటే, నాకనిపిస్తుంది, మీరిద్దరూ జీతం తీసుకోవట్లేదు. అవునా? మొదటి ఏడాది చాలామంది ఇలాగే చేస్తారు, "కంపెనీ నిలబడ్డాక తీసుకుందాంలే" అని. అది త్యాగంలా ఉంటుంది గానీ, చివరికి ఇల్లు గడవక ఎప్పుడంటే అప్పుడు ఎంతంటే అంత లాగడం మొదలవుతుంది. చిన్నదైనా సరే, నెలకింత అని జీతం పెట్టుకోండి, ఒకటో తారీఖున పనివాళ్ళతో పాటే మీకూ పడాలి. మన కంపెనీలో మనమే ఉద్యోగులమా అని సందేహం వద్దు. న్యూజిలాండ్‌లో పొలాల మీద విమానంతో ఎరువు చల్లే చిన్న కంపెనీ ఒకటుండేది, దాని యజమాని లీ, 3,000 షేర్లలో 2,999 ఆయనవే, పైలట్టూ ఆయనే. 1956లో పనిలో ఉండగానే విమానం కూలి చనిపోయాడు. ఆయన కంపెనీ ఉద్యోగే కాబట్టి ఉద్యోగికి వచ్చే నష్టపరిహారం తనకి రావాలని భార్య కేసు వేసింది, అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది, అప్పట్లో న్యూజిలాండ్ కేసులకి ఆఖరి కోర్టు అదే, ఆవిడే గెలిచింది. యజమాని వేరు, ఉద్యోగి వేరు, ఒకే మనిషి రెండూ కావచ్చు. జీతానికో స్లిప్పు, లాభం పంచుకుంటే దానికో తీర్మానం, అప్పు ఐతే దానికో కాగితం, కంపెనీ నుంచి మీ జేబులోకి డబ్బు వచ్చే దారులు ఇవే, నాలుగోది పెట్టుకోకండి.

ఇక పన్ను డబ్బు. అమ్మకాల మీద కస్టమర్ దగ్గర వసూలు చేసిన పన్ను, పనివాళ్ళ జీతంలోంచి కోసిన పన్ను, ఇవి అకౌంట్లో ఉన్నంత మాత్రాన కంపెనీవి కూడా కావు, ప్రభుత్వం తరఫున మీ దగ్గర ఆగిన డబ్బు అంతే. చాలా దేశాల్లో జీతాల నుంచి కోసి కట్టకపోతే డైరెక్టర్ల సొంత ఆస్తి మీదకి వస్తారు, అక్కడ లిమిటెడ్ గోడ పనిచేయదు. రెండో బ్యాంకు అకౌంటు ఒకటి తెరిచి, కస్టమర్ డబ్బు పడిన రోజే పన్ను భాగం అందులోకి తోసేయండి. నేను ఇది చేయడం మొదలుపెట్టాకే రాత్రిళ్ళు ప్రశాంతంగా పడుకున్నానండి, నిజం.

బ్యాంకు గ్యారంటీ సంగతి ఇంకా ముఖ్యం. పర్సనల్ గ్యారంటీ అంటే కంపెనీ కట్టకపోతే నేను కడతా అని సంతకం పెట్టడం, అంటే మీరు గోడకి మీ చేత్తోనే తలుపు పెట్టి తాళంచెవి అప్పిచ్చినవాడికి ఇవ్వడం. చిన్న కంపెనీకి గ్యారంటీ లేకుండా లోన్ దొరకడం కష్టమే, కాబట్టి అసలు పెట్టొద్దు అని నేను అనను. కానీ ఏం రాసుందో చదివి పెట్టండి. నా అనుభవం చెప్తా. మేం కంపెనీ పెట్టిన మూడో ఏడు ఒక గోడౌన్ లీజుకి తీసుకున్నాం. ఓనరు పాత పరిచయమే, కాగితాలు మందంగా ఉన్నాయి, సంతకం పెట్టాల్సిన చోట్లల్లా చిన్న పసుపు చీటీలు అంటించి ఇచ్చాడు, ఆ చీటీల వెంట పేజీలు తిప్పుకుంటూ సంతకాలు పెట్టేసా. ఒక పేజీలో మాత్రం సంతకం కింద కంపెనీ పేరు లేదు, నా పేరూ నా ఇంటి అడ్రసూ ఉన్నాయి. చూసా కూడా, ఏదో ఫార్మాలిటీ అనుకున్నా. ఏడాదిన్నరకి పని తగ్గి గోడౌన్ ఖాళీ చేస్తే, లీజు మిగిలిన పద్నాలుగు నెలల అద్దె నా పేరు మీద నోటీసుగా వచ్చింది, కంపెనీ పేరు మీద కాదు. చివరికి బేరమాడి ఎనిమిది నెలలకి ఒప్పించాం, అది ఇంట్లో దాచుకున్న డబ్బులోంచే కట్టా. అప్పటినుంచి సంతకం కింద ఎవరి పేరుందో చూడకుండా పెన్ను తీయను.

మీ గ్యారంటీ కాగితంలో మూడు మాటలు వెతకండి. మొదటిది, ఎంత వరకు అని ఒక అంకె ఉందా, లేకపోతే అంకె వేయమనండి, వడ్డీ ఖర్చులు అందులోనే కలిసేలా. రెండోది, ఈ ఒక్క లోన్‌కేనా లేక కంపెనీ ఇప్పుడూ ఇకముందూ బ్యాంకుకి పడే బాకీలన్నిటికీనా అనేది, రెండో రకం ఐతే ఈ లోన్ తీరిపోయాక కూడా మీ సంతకం బతికే ఉంటుంది, తీరిన రోజున విడుదల లెటర్ రాయించుకోవాలి. మూడోది అందరూ దాటేసేది, "ఉమ్మడిగానూ విడివిడిగానూ" అనే మాట. చెరి సగం వాటా కాబట్టి చెరి సగం కడతాం అనుకుంటారు, అది కాదు, బ్యాంకు మొత్తం బాకీ మీ ఒక్కరి దగ్గరే వసూలు చేయొచ్చు, తర్వాత మీ ఫ్రెండ్ దగ్గర సగం రాబట్టుకోవడం మీ తిప్పలు. ఎవరి వంతు వాళ్ళకే పరిమితం చేయమని అడగండి, ఒప్పుకోకపోవచ్చు, ఐనా అడగండి. ఇల్లు తాకట్టు కోరితే మాత్రం, ఈ ఒక్క ఆర్డర్ కోసం, నేను మీ స్థానంలో ఉంటే ఇవ్వను.

ఇంకోటి మర్చిపోయేలోపు చెప్తా, మీరు స్వయంగా వెళ్ళి అల్మారా ఫిట్ చేస్తారు కదా, గోడకి సరిగ్గా బిగించక అది ఎవరి మీదైనా పడితే, ఆ తప్పు మీ చేత్తో జరిగింది కాబట్టి కంపెనీతో పాటు మీ మీద కూడా కేసు వేయొచ్చు. దానికి లిమిటెడ్ అడ్డురాదు, ఇన్సూరెన్సే అడ్డు.

సరే, ఆర్డర్. ఇక్కడ లెక్క వేసి చూపిస్తా, ఎందుకంటే "లాభం వస్తుంది కదా" అనే మాట మీద కంపెనీలు మునగడం నా కళ్ళారా చూసా. ఆర్డర్ మొత్తం వంద అనుకోండి. చెక్క, ప్లైవుడ్, హింజిలు, హ్యాండిల్స్‌కి 55. పని రెండు నెలలు, నెలకి జీతాలు 10 చొప్పున 20. లారీ, ఫిట్టింగ్ ఖర్చు 5. లాభం 20, కాగితం మీద అద్భుతంగా ఉంది. ఇప్పుడు తారీఖులు వేయండి. చెక్కవాడికి మొదటి వారమే 55 ఇవ్వాలి. నెలాఖరుకి 10, రెండో నెలాఖరుకి 15. అరవయ్యో రోజున సరుకు అప్పగించి బిల్లు ఇస్తారు, కస్టమర్ బిల్లు తర్వాత అరవై రోజులకి ఇస్తాడు. అంటే అరవయ్యో రోజు నుంచి నూట ఇరవయ్యో రోజు దాకా మీరు 80 బయట పెట్టి కూర్చుంటారు, ఆ మధ్యలో కూడా పనివాళ్ళకి జీతాలు ఇవ్వాలి, అద్దె కట్టాలి, చిన్న ఆర్డర్లకి సరుకు కొనాలి. అకౌంట్లో మీ దగ్గర 25 ఉంటే 55 తక్కువ. ఆ 55 కోసమే బ్యాంకు మీ ఇంటి వైపు చూస్తోంది. పైగా కస్టమర్ ఒక నెల ఆలస్యం చేస్తే? రెండు డెస్కుల రంగు తేడా వచ్చిందని మొత్తం బిల్లు ఆపితే? కంపెనీ లాభంలో ఉండగానే డబ్బు లేక ఆగిపోతుంది, వేగంగా పెరిగే కంపెనీలకి ఇది ఎక్కువ.

అదే ఆర్డర్, షరతు మార్చి చూడండి. ఒప్పుకున్న రోజు 40 అడ్వాన్స్, నెల తర్వాత సగం సరుకు దింపగానే 30, చివర్లో ఫిట్టింగ్ అయ్యాక 30. మీ 25కి 40 కలిస్తే 65, చెక్కకి 55 పోతే 10 ఉంది, మొదటి నెల జీతాలతో సున్నా, అప్పుడే 30 పడుతుంది, రెండో నెల జీతాలు లారీ పోగా 15, ఆఖర్న 30 వస్తే 45. మీ 25, లాభం 20. గ్యారంటీ లేదు, వడ్డీ లేదు. చాలా బిగుతుగా ఉంది, ఒప్పుకుంటా, మధ్యలో సున్నాకి తగులుతోంది, అందుకే చెక్కవాడితో కూడా మాట్లాడి సగం ఇప్పుడు సగం నెల తర్వాత అని అడగండి, ఎనిమిది నెలలుగా టైముకి ఇచ్చి ఉంటే ఒప్పుకుంటాడు.

అడ్వాన్స్ అడిగితే ఆర్డర్ పోతుందేమో అని భయపడకండి. కొలతలు తీసి వాళ్ళ ఆఫీసుకే సరిపోయేలా చేసే సరుకు ఇది, వాళ్ళు వద్దంటే ఇంకొకరికి అమ్మలేరు, ఆ ఒక్క కారణం చాలు అడ్వాన్స్ అడగడానికి, ఈ మాటే వాళ్ళకి చెప్పండి. ఈ పనిలో అడ్వాన్స్ తీసుకోవడం మామూలే. పైసా కూడా ముందు ఇవ్వం, అరవై రోజుల తర్వాతే అని పట్టుబడితే, ఆర్డర్‌ని ముక్కలు చేసి, ఒక ఫ్లోర్ చేసి డబ్బు అందాక రెండో ఫ్లోర్ మొదలుపెడతాం అనండి. అదీ కాదంటే వదులుకోండి. నాలుగింతల ఆర్డర్ వదులుకోమనడం నాకూ తేలిక కాదు, కానీ మీ పని అంతా ఒక్క కస్టమర్ జేబులో పెట్టి, మీ ఇల్లు బ్యాంకు చేతిలో పెట్టడం కంటే అది నయం.

తీసుకుంటే మాత్రం ప్రతి సోమవారం పొద్దున్న ఒక కాగితం మీద వచ్చే పదమూడు వారాలు గీసి, ఏ వారం ఎంత వస్తుంది ఎంత పోతుంది రాయండి, ఊహించింది కాదు, ఖాయమైంది. ఏ వారం సున్నా కిందకి పోతుందో రెండు నెలల ముందే కనిపిస్తుంది, అప్పుడు చేయగలిగింది చాలా ఉంటుంది, ఆ వారం వచ్చాక చేయగలిగేది ఏమీ ఉండదు. ఈ ఒక్క ఆర్డర్ చూసి పర్మనెంట్‌గా మనుషుల్ని తీసుకోకండి, పని ఉన్నన్నాళ్ళకి మాట్లాడుకోండి. ఎప్పుడైనా కంపెనీ బాకీలు తీర్చే స్థితిలో లేదని మీకు తెలిసిపోయాక కూడా కొత్త అడ్వాన్సులు, కొత్త అరువులు తీసుకుంటూ పోతే, చాలా దేశాల చట్టాల్లో డైరెక్టర్లు సొంతంగా బాధ్యులవుతారు, ఇదీ గుర్తుపెట్టుకోండి.

ఇక చెరి సగం వాటా. ఇద్దరి మాటా సమానమే, బాగానే ఉంది, మరి మాట కుదరని రోజు? ఈ ఆర్డర్ మీరు వద్దని ఆయన కావాలంటే ఎవరి మాట చెల్లుతుంది? ఒకరు మానేస్తే వాటా ఏంచేయాలి, దాని ఖరీదు ఎవరు ఎలా కడతారు, ఒకరు పోతే వాళ్ళింటివాళ్ళు మీ పార్ట్‌నర్లు అవుతారా లేక వాళ్ళకి డబ్బిచ్చి వాటా తీసుకుంటారా, ఎంతకి మించి ఖర్చుకి ఇద్దరి సంతకం కావాలి, ఇవన్నీ వాటాదార్ల ఒప్పందంలో రాసుకోవాలి. రిజిస్ట్రేషన్ టైములో వచ్చిన రెడీమేడ్ కాగితాల్లో ఇవి సాధారణంగా సరిగ్గా ఉండవు. మొన్న డబ్బు తీసినప్పుడు మీకు నోరు పెగల్లేదు కదా, ఒప్పందంలో "ఇంతకు మించితే ఇద్దరి సంతకం" అని ఉంటే మీరు నోరు తెరవాల్సిన అవసరమే వచ్చేది కాదు, మీ స్నేహానికి కూడా అది మంచిది. మనసులు బాగున్నప్పుడే రాసుకోండి, లాయర్ ఫీజు ఖర్చు అనుకోవద్దు.

క్రమం ఏంటంటే, ముందు ఆ డబ్బు కాగితం, తర్వాత ఒప్పందం, ఈ లోపల కస్టమర్‌తో అడ్వాన్స్ మాట, అన్నిటికన్నా చివర బ్యాంకు. అడ్వాన్స్ కుదిరితే లోన్ అక్కర్లేకపోవచ్చు, లేదా చాలా చిన్నది సరిపోవచ్చు. ఒకవేళ గ్యారంటీ పెట్టక తప్పకపోతే, ఆ కాగితం బ్యాంకులో కూర్చుని సంతకం చేయకండి, ఇంటికి తెచ్చుకుని మీ ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ నుంచి పైకి చదవండి, అంకె ఉన్న లైన్ ఆవిడకి చూపించి, ఇంత డబ్బు మన ఇంట్లోంచి పోయినా తట్టుకోగలమా అని అడగండి. ఆవిడ సరే అంటేనే పెన్ను తీయండి.